పాకుడు రాళ్ళు పాకుతాయా?

పోయినేడాది వానాకాలంలో మా అమ్మ కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. దానికి సగం కారణం టెర్రస్ మీది వాటర్ ట్యాంకు, మిగతా సగం కారణం నా తెలుగు పాండిత్యం. నవ్వకండి, నిజంగానే చెప్తున్నాను.

నేనుండేది తార్నాకలో. 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే కాపలా చౌకీ. నిజాం కాలంలో ఇక్కడ తోటల చుట్టూ ముళ్ళకంచె, దారి దగ్గర ఓ చౌకీ ఉండేవట, ఆ రెండూ కలిసి తార్నాక అయ్యిందని పాతవాళ్ళు చెప్తారు. ఇప్పుడు కంచె లేదు, చౌకీ లేదు, నాలాంటి అద్దెకుండే సాఫ్ట్‌వేర్ జీవులు మాత్రం బోలెడంతమంది. పొద్దున్నే మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా నిలబడి వెళ్ళడం, రాత్రికి మళ్ళీ నిలబడి రావడం. మా సొంతూరు తెనాలి దగ్గర. అమ్మ అప్పుడప్పుడూ వచ్చి ఓ నెల ఉండి వెళ్తుంది.

ఆ జూలైలో వాన నాలుగు రోజులు ఆగకుండా పట్టింది. ఐదో రోజు ఆఫీసుకి బయల్దేరుతుంటే మా వాచ్‌మన్ ఆపాడు. యాభై దాటిన మనిషి, నల్గొండ వైపు.

"సార్, మీదికి పోతె జర పైలం. ట్యాంకు కాడ మస్తు పాకురు వట్టింది. అమ్మకు గూడ చెప్పున్రి."

నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. "పాకురు కాదు పెద్దాయనా, పాకుడు" అన్నాను. అప్పుడు నాకది సరదాగా అనిపించింది. ఆయన ఏమనుకున్నాడో గానీ, "ఏదైతేంది సార్, జారుడైతే ఒక్కటే గద" అని నవ్వి వెళ్ళిపోయాడు. నేను మెట్రో ఎక్కి, స్టాండప్ మీటింగులో దూరి, అమ్మకి చెప్పడం సుబ్బరంగా మర్చిపోయాను. ఆయన చెప్పిన మాటలో నాకు వినిపించింది 'రు' అనే అక్షరం ఒక్కటే. హెచ్చరిక వినిపించలేదు.

మధ్యాహ్నం ఎండ కాస్తే అమ్మ బట్టలు ఆరేయడానికి పైకెళ్ళింది. మిగతాది మీరే ఊహించుకోవచ్చు. ఆరు వారాలు పిండికట్టు.

ఇక్కడిదాకా మా ఇంటి గొడవ. ఇప్పుడు అసలు విషయం.

ఓ ఆదివారం మా టీమ్ మేట్ ఒకడు అమ్మని చూడ్డానికి వచ్చాడు. వాడు పుట్టింది పెరిగింది ఇక్కడే, చిన్నప్పటినుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగు ధారాళంగా మాట్లాడతాడు గానీ చదవడం మాత్రం బస్సు బోర్డుల వరకే. అమ్మ ఎడం చేత్తో పట్టుకుని చదువుతున్న లావుపాటి పుస్తకం మీద పేరు కూడబలుక్కుని చదివి అడిగాడు.

"పా-కు-డు రాళ్ళు. గిదేందిరా, రాళ్ళు పాకుతయా?"

నేను పగలబడి నవ్వాను. అమ్మ మాత్రం "ఆ రాళ్ళే నన్ను పడేశాయి నాయనా" అంది. వాడికి అర్థం కాలేదు. "నాచు పట్టిన రాళ్ళురా" అని చెప్పాను. "ఓ, కాయీ" అన్నాడు. హైదరాబాదు ఉర్దూలో నాచుని కాయీ అంటారు. "అయితే నాచు రాళ్ళు అని పెట్టొచ్చు గద, పాకుడు ఎందుకు?"

ఎందుకంటే... ఎందుకంటే... నా దగ్గర సమాధానం లేదు. వాచ్‌మన్‌ని సరిదిద్దిన పండితుడికి ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు!

కోడ్‌లో మనకి అర్థం కాని లైను కనిపిస్తే ఏం చేస్తాం? గిట్ బ్లేమ్ కొట్టి ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో చూస్తాం. భాషకి ఆ సౌకర్యం లేదు. కమిట్ మెసేజ్ ఒక్కటీ ఉండదు, రాసినవాళ్ళ పేర్లుండవు. ఉన్నవల్లా నిఘంటువులు, పక్క భాషలు, మన చెవులు. రాత్రి కూర్చుని బ్రౌణ్యం తెరిచాను. సీపీ బ్రౌన్ 1852లో అచ్చేసిన ఆ నిఘంటువు ఇప్పుడు నెట్లో ఉచితంగా దొరుకుతుంది. ఆంధ్రభారతి వాళ్ళ నిఘంటు శోధనలో మిగతావీ వెతికాను. పాకుడు అంటే పాచి, పాచి అంటే నాచు, నాచు అంటే పాచి. సర్క్యులర్ డిపెండెన్సీ అంటే ఇదే :)

సరే, మనమే డీబగ్ చేద్దాం అనుకున్నాను.

నా మొదటి ఊహ చాలా తేలికైనది. పాకుడు, పాచి రెండూ 'పా' తో మొదలవుతాయి, రెంటికీ అర్థం ఒకటే, కాబట్టి పాచి నుంచే పాకుడు వచ్చి ఉంటుంది. పాచి సంగతి చూస్తే భలే ముచ్చటగా ఉంది. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు ద్రావిడ భాషల పదాలన్నీ ఒకచోట చేర్చి 1961లో ఒక వ్యుత్పత్తి నిఘంటువు వేశారు, 1984లో దాని రెండో కూర్పు వచ్చింది. మన భాషలన్నింటికీ అది సెంట్రల్ రిపాజిటరీ లాంటిది. అందులో 'పచ్చ' కుదురు చాలా పెద్దది. పచ్చ, పచ్చి, పసరు, పసుపు, పసిడి... ఇవన్నీ ఒక తల్లి పిల్లలే. తమిళంలో పచ్చై అంటే ఆకుపచ్చ, పాసి అంటే నీళ్ళ మీది నాచు, పాసిపరుప్పు అంటే మన పెసరపప్పు. కన్నడంలో కూడా నాచుని పాచి అనే అంటారు. అంటే పాచి అనే మాట రంగుని చూసి పెట్టిన పేరు. పచ్చగా ఉంటుంది కాబట్టి పాచి.

రంగుతో మొదలైన ఆ మాట తెలుగులో ఎంత దూరం వచ్చిందో చూడండి. నిలవ నీటికి పాచి పడుతుంది. కాబట్టి నిలవ ఉన్నదల్లా పాచి. రాత్రి మిగిలిన అన్నం పాచిపోతుంది. పొద్దున్నే కడగని మొహం పాచి మొహం, తోమని పళ్ళు పాచి పళ్ళు. తెల్లారి ఇల్లు ఊడ్చి అంట్లు తోమే పని మా వైపు పాచిపని. పచ్చదనం అంటే పండగ అనుకునే భాషలో అదే పచ్చ నుంచి వచ్చిన మాట ఇలా మురికి వైపు జారిపోయింది.

బాగానే ఉంది, కానీ పాచి లోంచి పాకుడు ఎలా వస్తుంది? 'చ' కాస్తా 'క' ఎలా అయ్యింది? ఇక్కడ నా ఊహ బొక్కబోర్లా పడింది. తెలుగులో 'క' అనే ధ్వని 'చ' గా మారిన దాఖలాలు కావలసినన్ని ఉన్నాయి. కన్నడంలో కివి, మనకి చెవి. కన్నడంలో కై, మనకి చేయి. అవి మాట మొదట్లో, అదీ కొన్ని అచ్చుల ముందు జరిగే మార్పులు. దానికి ఎదురుగా 'చ' నుంచి 'క' కి, అదీ మాట మధ్యలో, వచ్చిన దాఖలా నాకొక్కటీ కనపడలేదు. వన్‌వే రోడ్డులో రాంగ్ సైడ్ వెళ్తే తప్ప పాచి నుంచి పాకుడుకి చేరలేం.

దాన్ని అక్కడితో వదిలేసి పడుకున్నాను.

సోమవారం మెట్రోలో వాడే మళ్ళీ కదిపాడు. మెట్టుగూడ దాటుతుండగా నా పరిశోధన అంతా చెప్పాను. వాడు ఓపిగ్గా విని, "నాకైతే ఇప్పటికీ పాకుతయనే అనిపిస్తుందిరా. దూకుతె దూకుడు, పాకితె పాకుడు. గంతేగా?" అన్నాడు.

దూకుడు! మహేష్ బాబు సినిమా, 2011. నేను స్కూల్లో ఉండగా చూసిన సినిమా. దూకు అనే క్రియకి -ఉడు చేరిస్తే దూకుడు. పాకు అనే క్రియకి -ఉడు చేరిస్తే పాకుడు. ఇంత సింపుల్ ఫంక్షన్ కాల్ నాకెందుకు తట్టలేదు?

ఎందుకు తట్టలేదో నాకు తర్వాత అర్థమైంది. ఆ -ఉడు వాడి నోట్లో రోజూ ఉంటుంది. "పొద్దుగాల లేసుడు, ఆఫీసుకు పోవుడు, తిట్లు తినుడు, ఇంటికొచ్చుడు, పండుడు. గింతేరా లైఫు." తెలంగాణ తెలుగులో ఏ క్రియకైనా -ఉడు తగిలించి నామవాచకం చేసేస్తారు. మేం తినడం, పోవడం అంటాం, పుస్తకాల్లో అయితే తినుట, పోవుట. మా వైపు ఈ -ఉడు ఫ్యాక్టరీ చాలావరకు మూతపడింది. అందులో ఎప్పుడో తయారైన సరుకు మాత్రం ఇంకా వాడుతున్నాం. జారుడుబండ, దిగుడుబావి, పొద్దుతిరుగుడు పువ్వు, పొర్లుడు దండాలు, ధరల బాదుడు. ఇవన్నీ ఆ అచ్చులో పోసినవే. రోజూ వాడుతూ కూడా వాటిలో ఉన్న క్రియని నేను గుర్తించలేదు. ఫ్యాక్టరీ ఇంకా నడుస్తున్న చోట పెరిగినవాడు పుస్తకం అట్ట చూసీ చూడగానే గుర్తించాడు. నేను నవ్వాను!

పాకు అనే క్రియ గురించి కూడా ఒక మాట. పాత పుస్తకాల్లో ఇది ప్రాకు. ప్రాత పాత అయినట్టు, క్రొత్త కొత్త అయినట్టు, ప్రాకు పాకు అయ్యింది. ఇప్పుడు పాకడం అనగానే మనకి నేలమీద చేతులూ మోకాళ్ళూ ఆనించి కదిలే పసిపిల్ల గుర్తొస్తుంది. కానీ ఆ మాట పరిధి అంతకన్నా పెద్దది. తీగ పందిరి మీదకి పాకుతుంది. మంట పక్కింటికి పాకుతుంది. గజ్జి ఒళ్ళంతా పాకుతుంది. పుకారు ఊరంతా పాకుతుంది. ఉన్నచోటు వదలకుండా, అంటిపెట్టుకునే, కొంచెం కొంచెంగా విస్తరించడం పాకడం. ఇప్పుడు వానాకాలంలో ట్యాంకు కింది గచ్చుని తల్చుకోండి. మొదటి రోజు గోడ మూల చెయ్యెడంత పచ్చ. నాలుగో రోజుకి మెట్ల దాకా. ఎప్పుడు కదిలిందో ఎవరూ చూడరు, కానీ కదిలింది.

కాబట్టి నా వాదన ఇది. ఒకే వస్తువుకి మనవాళ్ళు రెండు పేర్లు పెట్టారు. పాచి దాని రంగుని చూసి పెట్టిన పేరు. పాకుడు దాని పనిని చూసి పెట్టిన పేరు. నాచుని దూరం నుంచి చూసినవాడికి పచ్చదనం కనిపిస్తుంది. రోజూ అదే చోట బిందె పట్టుకుని నడిచే మనిషికి అది ఎంతవరకు వచ్చిందనేదే ముఖ్యం.

సైన్సు కూడా ఈ మాట పక్షానే ఉంది. మనం పాకుడు అనేది నిజానికి ఒక జీవి కాదు. నాచుమొక్కలు ఉంటాయి, శైవలాలు ఉంటాయి, సయనోబ్యాక్టీరియా ఉంటాయి. నాచుమొక్కలకి అసలైన వేళ్ళుండవు, సన్నటి నూగులాంటి పోగులతో రాతిని పట్టుకుని ఉంటాయి. నేలలోకి దిగనక్కర్లేదు కాబట్టి ఉత్త బండ మీద కూడా పరుచుకుంటాయి. కాలు జారేలా చేసేది మాత్రం ఎక్కువగా శైవలాలు, సయనోబ్యాక్టీరియా. ఇవి తమ చుట్టూ జిగురులాంటి పదార్థాన్ని తయారు చేసుకుంటాయి, అది నీళ్ళు పీల్చి ఉబ్బి నూనె రాసినట్టవుతుంది. ఇంకో సంగతి. ఎండాకాలంలో టెర్రస్ మీద మనం మురికి అనుకునే నల్లటి చారలున్నాయి చూశారా, వాటిలో చాలావరకు ఎండిపోయి నిద్రపోతున్న ఈ జీవులే. చచ్చిపోలేదు. తొలి వానకి లేచి పని మొదలుపెడతాయి. మా అమ్మ జారిన చోట మే నెలలో ఉన్నది ఆ నల్ల చారే. తుడవాలని ఎవరికీ తోచలేదు.

ఆ వారాంతం మావాడూ నేనూ ఉస్మానియా క్యాంపస్‌కి నడుచుకుంటూ వెళ్ళాం. మాకు పది నిమిషాల దూరం. ఆదివారం పొద్దున అక్కడ నడిచేవాళ్ళు, క్రికెట్ ఆడేవాళ్ళు, చెట్లకింద పోటీపరీక్షల పుస్తకాలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఉంటారు. 1918లో మొదలైన విశ్వవిద్యాలయం, 1939 డిసెంబరులో తలుపులు తెరిచిన ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం. అందరికీ తెలిసిన చరిత్ర ఇది. ఆ నేల అంతకుముందు ఎవరిది అని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. అడిక్‌మెట్ జాగీరు. మహ్‌లఖా బాయి చందా అనే ఆవిడది. 1768లో పుట్టి 1824లో పోయిన కవయిత్రి, రెండో అసఫ్ జా కొలువులో గొప్ప మర్యాద పొందిన మనిషి. ఉర్దూ గజళ్ళతో సొంత దివాన్ కూర్చుకున్న తొలితరం స్త్రీలలో ఒకరు. ఇక్కడికి దగ్గర్లోనే మౌలాలి గుట్ట కింద ఆవిడ సమాధి ఉంది.

ఆవిడ పేరు మీద ఇక్కడొక దిగుడుబావి ఉంది. దశాబ్దాలపాటు చెత్తతో, తుప్పలతో పూడిపోయి ఉండి, 2020 తర్వాత శుభ్రానికి నోచుకుంది. రాతి మెట్లు, కింద నీళ్ళు. వానకి తడిసిన మెట్ల అంచున సన్నటి పచ్చ పొర.

పై మెట్టు మీద నిలబడి మావాడు తన సందేహం మళ్ళీ బయటపెట్టాడు. "జారుడుబండ అంటే బండ జారదు, మనం జారుతం. దిగుడుబావి అంటే బావి దిగదు, మనం దిగుతం. పొద్దుతిరుగుడు పువ్వు మాత్రం అదే తిరుగుతది. మరి పాకుడు రాయిల పాకేది ఎవలు?"

మంచి ప్రశ్న. -ఉడు చేరిన విశేషణం పని ఏమిటో చెప్తుంది గానీ చేసేదెవరో చెప్పదు. ఆ ఆర్గ్యుమెంట్ మనం మన అనుభవంలోంచి ఇచ్చుకోవాలి. పాకుడు రాయిలో రాయి పాకదు, పాకేది దాని మీది నాచు. అయితే మెట్ల వైపు చూస్తుంటే నాకు ఇంకోటి కూడా తట్టింది. అలాంటి మెట్ల మీద నిలబడి నడవలేం. మా అమ్మమ్మ ఊరి చెరువులో కింది మెట్లు దిగేటప్పుడు కూర్చుని, చేతులు ఆనించి, ఒక్కో మెట్టూ పాకుతూ దిగేది. నాచు పాకిన చోట మనిషీ పాకాల్సిందే. వ్యుత్పత్తికి ఇది సాక్ష్యం కాదు లెండి. కానీ ఆ మాట విన్న అమ్మమ్మల తరానికి రెండూ ఒకేసారి కళ్ళముందు కనిపించి ఉంటాయి.

ఈ మాటల వేట గురించి చెప్తూ ఈ క్యాంపస్ లోనే పనిచేసిన ఒక పెద్దాయన్ని తల్చుకోకపోతే తప్పు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ ఆచార్యులుగా చేరి, రెండు దశాబ్దాలకు పైగా ఆ శాఖని నడిపారు. తెలుగు క్రియాధాతువుల మీద ఆయన పుస్తకం 1961లోనే అమెరికాలో అచ్చయ్యింది. అదే కాలంలో ఆయన సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం మొదలుపెట్టింది. వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది, తర్వాత చేనేత పదాలది. ఆ పని చేసిన పద్ధతి చూడండి. ఏది సరైన మాట అని పండితుల్ని అడగలేదు. ఊళ్ళు తిరిగి రైతుల్ని, నేతగాళ్ళని "దీన్ని మీరేమంటారు?" అని అడిగారు. వాళ్ళేమంటే అది రాసుకున్నారు. నాగలిలో ఒకే భాగానికి జిల్లాకో పేరుంటే అన్ని పేర్లూ ఎక్కించారు. ఏ పేరునీ తప్పు అని కొట్టెయ్యలేదు.

నేను చేసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. నా ముందు నిలబడి ఒక మనిషి "పాకురు" అంటే, రాసుకోవాల్సింది పోయి సరిదిద్దాను.

అమ్మ చదువుతున్న నవల పేరుకీ చిన్న కథ ఉంది. రావూరి భరద్వాజ గారు సినిమా లోకం మీద, మంజరి అనే నటి జీవితం మీద రాసిన ఈ నవల కృష్ణాపత్రికలో ధారావాహికగా వచ్చింది. ఆయన మొదట అనుకున్న పేరు 'మాయ జలతారు'. 'పాకుడు రాళ్ళు' అని సూచించింది శీలా వీర్రాజు గారు. హైస్కూలు చదువు కూడా పూర్తికాని, హైదరాబాదు ఆకాశవాణిలో పనిచేసిన ఆ రచయితకి 2012 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది. తెలుగులో విశ్వనాథ, సినారె తర్వాత మూడోవారు. అన్నట్టు సినారె గారు కూడా ఈ ఉస్మానియాలో తెలుగు పాఠం చెప్పినవారే.

రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. జలతారు కంటికి సంబంధించిన మాట. తళుకు, మెరుపు, దూరం నుంచి చూసేవాడి అనుభవం. పాకుడు రాళ్ళు కాలికి సంబంధించిన మాట. ఎక్కినవాళ్ళకి మాత్రమే తెలిసే సంగతి. ఎంత పైకి ఎక్కితే అంత జారుడు. నాచు రాళ్ళు అని పెట్టొచ్చు కదా అన్న మావాడి ప్రశ్నకి ఇది నా జవాబు. నాచు అంటే పట్టింది ఏమిటో తెలుస్తుంది. పాకుడు అంటే అది ఆగలేదని తెలుస్తుంది.

అన్ని దేశాల్లోనూ దీన్ని ఇలాగే చూడరు. దొర్లే రాయికి నాచు పట్టదు అనే ఇంగ్లీషు సామెత మనకీ అలవాటైపోయింది. ఆ సామెత మొదటి ఉద్దేశంలో నాచు అంటే ఆస్తి, స్థిరత్వం. ఊళ్ళు పట్టి తిరిగేవాడు ఏమీ వెనకేసుకోలేడని మందలింపు. తర్వాత కాలంలో అది తిరగబడి, కదులుతూ ఉండేవాడికి తుప్పు పట్టదని మెచ్చుకోలు అయ్యింది. రెండేళ్ళకో కంపెనీ మారే మనం ఏ అర్థం తీసుకుంటామో వేరే చెప్పక్కర్లేదు :) జపాన్ లో అయితే నాచు ఒక సంపద. క్యోటోలో సైహోజీ అనే ఆలయాన్ని నాచు గుడి అనే పిలుస్తారు, అక్కడ నాచుని తోటలా పెంచుతారు. వాళ్ళ జాతీయగీతంలోనే చిరకాలానికి గుర్తుగా రాయి మీది నాచు ఉంది. కొన్నాళ్ళు కదలకుండా ఉన్నదాన్ని వాళ్ళు గౌరవంగా చూశారు. మనకి రేవు మెట్లు, బావి గట్లు, నెత్తిమీద బిందెలు. కాబట్టి మన మాట ముందు జాగ్రత్త చెప్పింది. అందం తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇల్లు చేరాలి కదా.

అదే నన్ను ఇంకా గుచ్చుతోంది. పాకుడు, పాకురు లాంటి మాటలు నిఘంటువులో కూర్చోడానికి పుట్టలేదు. వెనక వచ్చేవాళ్ళు పడకుండా ఉండటానికి ముందు నడిచినవాళ్ళు వెనక్కి తిరిగి అరిచిన మాటలవి. నీళ్ళ ట్యాపులు ఇంట్లోకి వచ్చాక, మెట్లబావులు పూడిపోయాక, మనలో చాలామందికి ఆ మాట అవసరం తగ్గింది. మావాడికి పుస్తకం అట్ట మీద చూసేదాకా తెలీదు. నాకు తెలుసు గానీ పుస్తకంలో మాటగానే తెలుసు. రోజూ ట్యాంకు దగ్గరికి వెళ్ళే వాచ్‌మన్‌కి మాత్రం అది పనికొచ్చే మాట. ఆ ఉదయం మా ముగ్గురిలో దాని అర్థం పూర్తిగా తెలిసినవాడు ఆయనొక్కడే.

అమ్మ కట్టు విప్పాక నేను ఓ ఆదివారం పైకెళ్ళాను. బ్లీచింగ్ పౌడరు, ఇనప బ్రష్షు, రెండు బకెట్ల నీళ్ళు. ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు కారేచోట అంగుళం మందాన పేరుకుపోయి ఉంది. ప్లంబర్ని పిలిచి అది కట్టించకపోతే ఎంత తోమినా వారానికి మళ్ళీ వస్తుందని వాచ్‌మన్ చెప్పాడు. నిజమే, నీళ్ళు ఆగనంతవరకూ అది పాకుతూనే ఉంటుంది. ఇద్దరం కలిసి తోమాం. మధ్యలో అడిగాను.

"పెద్దాయనా, ఆ రోజు మీరు పాకురు అంటే నేను పాకుడు అన్నాను, గుర్తుందా?"

"యాదికున్నది సార్."

"మీ ఊళ్ళో పాకురే అంటారా?"

"పాకురంటం. నీళ్ళమీద తేలేదైతే నాసు అంటం. పాత కుండల లోపట పట్టేదైతే పాసి." ఒక్క క్షణం ఆగి నవ్వాడు. "మీరు సాఫ్ట్‌వేరోల్లు గద సార్, మీకెందుకు గివన్ని?"

ఫోన్ తీసి మూడూ రాసుకున్నాను. ఏదీ దిద్దలేదు.

మావాడికి వాళ్ళ నానమ్మ ఊరు వెళ్ళినప్పుడు అడిగి రమ్మని పని అప్పజెప్పాను. మీ వైపు ఏమంటారు? పాకుడా, పాకురా, పాచా, నాచా, ఇంకేదైనానా? రాయలసీమ వాళ్ళు, శ్రీకాకుళం వాళ్ళు తప్పకుండా చెప్పండి. మీకు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోన్ చేసి అడగండి. అడిగేటప్పుడు వాళ్ళ ఉచ్చారణ మాత్రం దిద్దకండి. వీలైతే ఒకసారి మీ టెర్రస్ ఎక్కి ట్యాంకు చుట్టూ నల్ల చారలున్నాయేమో కూడా చూసి రండి.